బెనాపోల్ పోయే మిర్చికి వరంగల్‌లో క్రాస్‌డాక్ షెడ్డు: డోర్లు, కాగితాలు, లారీ మార్పిడి

ఎనుమాముల లారీ:

అన్నలందరికి నమస్తే. ఒక ఆలోచన మీ ముందు పెడుతున్న, ఎక్కడ తప్పుంటే అక్కడ చెప్పండి.

వరంగల్ ఎనుమాముల మిర్చి యార్డు నుంచి బంగ్లాదేశ్ పోయే ఎండుమిర్చి రెండు తీర్లుగ కదులుతది. ఖరీదుదారు ఒకే రోజు ఎక్కువ కొంటే యార్డు కాడనే పన్నెండు టైర్ల లారీకి ఎక్కిస్తడు. తక్కువ కొంటే డీసీఎంల (చిన్న లారీల) మీద తన గోదాముకు తీస్కపోయి, లారీ నిండేదాక నాలుగైదు రోజులు నెట్టు కట్టి పెడతడు. గోదాము కిరాయి, రెండుసార్ల హమాలీ, ఎలుకలు, తేమ అన్నీ ఆయన మీదనే. చిన్న ఖరీదుదారులు నలుగురైదుగురి సరుకు ఒక్క షెడ్డు కింద కలిపి, వచ్చిన రోజే పెద్ద లారీకి మార్చి పంపితే ఎట్లుంటది? రింగు రోడ్డు పక్కన ఎకరంన్నర జాగ ఉన్నది. సీజన్ల రోజుకు ఆరు లారీలు, లారీకి 20 టన్నులు అనుకుంటున్నం.

ఎన్ని డోర్లు (బండి ఆనించే చోట్లు) పెట్టాలె, ఎన్ని హమాలీ ముఠాలు కావాలె? మన లారీ నేరుగా ఢాకా దాక పోయే దారి లేదా, సరిహద్దు కాడ మళ్లీ దించుడేనా? రైలు మాటేంది? నియర్‌షోరింగ్ అని అంటున్నరు కదా, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు పని కూడా ఇదే షెడ్డుతోని చేయొచ్చా?

కాటా లెక్క:

తమ్మీ, ముందు పేర్లు తేల్చుకుందాం, రెండు పనులకు ఖర్చు వేరు కాబట్టి. వచ్చిన సరుకును నిల్వ పెట్టకుండా, విడదీసో కలిపో అదే రోజు ఇంకో బండికి ఎక్కిస్తే క్రాస్‌డాకింగ్. లారీ నుంచి రైలుకో, కంటైనర్‌కో, ఈ దేశపు లారీ నుంచి ఆ దేశపు లారీకో బండి మారక తప్పని చోట మార్చేది ట్రాన్స్‌లోడింగ్. నీ షెడ్డులో జరిగేది మొదటిది, సరిహద్దుకు బంగ్లాదేశ్ వైపున్న బెనాపోల్‌లో జరిగేది రెండోది. మొదటి దాంట్లో నువ్వు చేసే ప్రతి పొరపాటు రెండో దాంట్లో బయటపడుతుంది.

ఇక డోర్లు. రోజు సగటు మీద లెక్క వేస్తే దెబ్బతింటావు. పొద్దున పాట అయి, మధ్యాహ్నం కాంటాలు అయి, సరుకంతా సాయంత్రం ఒక్కసారే యార్డు బయటికి వస్తుంది. సాయంత్రం 4 నుంచి రాత్రి 9 దాకా ఐదు గంటల్లో పని తెమలాలి. బస్తా 42 కిలోలు అనుకుంటే 20 టన్నులకు దాదాపు 480 బస్తాలు. డీసీఎంకు 120 బస్తాలు పెడితే ఒక లారీకి నాలుగు డీసీఎంలు, ఆరు లారీలకు 24 డీసీఎంలు. ఒక ముఠా గంటకు 200 బస్తాలు మారిస్తే ఒక డీసీఎం ఖాళీకి 36 నిమిషాలు, బండి పెట్టడానికి తీయడానికి ఇంకో 9 కలిపి 45 నిమిషాలు. 24 బండ్లకు 18 గంటలు. ఐదు గంటల్లో అది అయిపోవాలంటే లోపలికి వచ్చే వైపు నాలుగు డోర్లు కావాలి. బయటికి పోయే వైపు ఆరు, ఒక్కో లారీ మూడు గంటలు డోరు పట్టుకుంటే ఐదు గంటల్లో ఒక డోరు దగ్గర ఒక్క లారీయే నిండుతుంది కాబట్టి.

ముఠాల దగ్గరే అసలు కిటుకు ఉంది. మొత్తం 2,880 బస్తాలు. డీసీఎం నుంచి నేరుగా లారీకి పోతే 14 గంటల చిల్లర ముఠా పని, అంటే మూడు ముఠాలు. అదే బస్తాను ముందు నేల మీద దించి, తర్వాత ఎక్కిస్తే ఆరు ముఠాలు. షెడ్డు లాభమంతా ఈ మూడుకు, ఆరుకు మధ్యనే ఉంది. నేల మీద దించాల్సి వచ్చేది ఎప్పుడు? లారీ రాకముందే డీసీఎం వస్తే. కాబట్టి ఖాళీ లారీలు 3 గంటలకే డోర్లకు ఆని నిలబడి ఉండాలి. లారీ ఆఫీసు వాళ్లు 'బండి వస్తున్నది, వస్తున్నది' అన్న రోజున నీ షెడ్డు క్రాస్‌డాక్ కాదు, కిరాయి లేని గోదాము అవుతుంది.

జాగ సరిపోతుంది. ఎకరంన్నర అంటే సుమారు 65 వేల చదరపు అడుగులు. 260 అడుగుల లోతు, 250 వెడల్పు ఉందనుకో. డీసీఎంలు, లారీలు తిరిగే వైపు 80 అడుగులు, షెడ్డు లోతు 60, రేపు నలభై అడుగుల కంటైనర్ ట్రెయిలర్ వస్తే తిప్పడానికి రెండో వైపు 120. షెడ్డు లోతు 60 దాటనివ్వొద్దు. జాగ ఎక్కువ ఉంటే సరుకు అక్కడే పడుకుంటుంది.

పెట్రాపోల్ దారి:

డోర్ల లెక్క బాగుంది, కానీ ఎనుమాముల లారీ గారి ఆలోచనలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. అది షెడ్డులో కనపడదు, 1,500 కిలోమీటర్ల అవతల కనపడుతుంది.

నలుగురు ఖరీదుదారుల సరుకు ఒక లారీలో కలిపి నలుగురి పేరున నాలుగు షిప్పింగ్ బిల్లులు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి కాగితాలు) వేస్తే, సరిహద్దుకు మన వైపున్న పెట్రాపోల్‌లో ఒకరి కాగితం ఆగినా నలుగురి సరుకూ ఆగుతుంది. ఒకరి ఫైటోశానిటరీ (పురుగు, తెగులు లేదని చెప్పే) సర్టిఫికెట్‌లో బస్తాల సంఖ్య తేడా ఉన్నా, ఇంకొకరి ఎల్‌సీలో (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రంలో) సరుకు పేరు వేరేగా ఉన్నా అంతే. హాల్టింగ్ (లారీ ఆగినందుకు కట్టే డబ్బు) మాత్రం లారీ మొత్తానికి పడుతుంది. ఎవరు కట్టాలన్నది అక్కడి నుంచి మొదలయ్యే గొడవ.

దీనికి చట్టంలోనే దారి ఉంది. ఒక్కరే ఎగుమతిదారు ఉండాలి, మిగతా వాళ్లు ఆయనకు అమ్మాలి. 2017 అక్టోబర్ నుంచి ఇలా ఎగుమతిదారుకు అమ్మే సరుకు మీద 0.1 శాతం జీఎస్టీతో బిల్లు వేయొచ్చు. అమ్మినాయన బిల్లు తేదీ నుంచి 90 రోజుల్లో సరుకు దేశం దాటాలి. నలుగురి దగ్గర కొన్నది కలపాలంటే జీఎస్టీలో రిజిస్టర్ అయిన గోదాముకే తెచ్చి, అక్కడి నుంచి నేరుగా పోర్టుకో ల్యాండ్ కస్టమ్స్ స్టేషన్‌కో పంపాలి. అంటే మీ షెడ్డు రిజిస్టర్ అయి ఉండాలి. సరుకు అందినట్టు ఎగుమతిదారు ప్రతి బిల్లు మీద రాసుకోవాలి, గోదాము నడిపే వాళ్లుగా మీరు రసీదు ఇవ్వాలి. ఆ రెండూ అమ్మినాయనకు, ఆయన పరిధిలోని పన్నుల అధికారికి చేరాలి. 'సాయంత్రం హడావిడిలో రసీదు రేపు ఇద్దాం' అంటే, ఆ చిన్న ఖరీదుదారుకు తర్వాత పూర్తి 5 శాతం పన్ను మెడకు చుట్టుకుంటుంది.

ఢాకా దాకా మన లారీ సంగతి. బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ మధ్య మోటారు వాహనాల ఒప్పందం 2015 జూన్ 15న థింపూలో సంతకమైంది. భూటాన్ ఆమోదం దగ్గరే ఆగింది, సరుకు లారీలు మామూలుగా అటూ ఇటూ తిరిగే రోజు రాలేదు. కాబట్టి మీ లారీ పెట్రాపోల్ ఇంటిగ్రేటెడ్ చెక్‌పోస్టులో కస్టమ్స్ ఎగుమతి అనుమతి తీసుకుని, కార్‌పాస్ (లారీ సరిహద్దు దాటడానికి ఇచ్చే అనుమతి చీటీ) మీద గేటు దాటి బెనాపోల్ యార్డులోకి పోతుంది. అక్కడ షెడ్డులోకో, నేరుగా బంగ్లాదేశ్ ట్రక్కులోకో సరుకు దించి ఖాళీగా తిరిగి వస్తుంది.

అందుకే వరంగల్‌లో ఎక్కించేటప్పుడే బెనాపోల్‌లో దించేవాళ్లను మనసులో పెట్టుకోవాలి. అక్కడి ముఠాకు మీ ఖరీదుదారుల పేర్లు తెలియవు, తెలుగు చదవరు. తేజ రకం ఏదో వండర్ హాట్ రకం ఏదో బస్తా బయటి నుంచి కనపడాలి. లాటుకొక రంగు గీత, బస్తాకు రెండు వైపులా. ఒక లాటు బస్తాలు ఒకచోటే ఉండాలి, మధ్యలో పాత టార్పాలిన్ ముక్క అడ్డం వేస్తే ఎక్కడ లాటు మారిందో చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది. కస్టమ్స్ వాళ్లు తెరిచి చూడటానికి ప్రతి లాటు నుంచి రెండేసి బస్తాలు లారీ వెనక తలుపు దగ్గర పెట్టండి. అడుగు లాటు చూడాలని వాళ్లు అడిగితే సగం లారీ అక్కడే దించాల్సి వస్తుంది.

ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు తీసుకునే కాగితం) రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున చెల్లుతుంది, 1,500కు 8 రోజులు. దారిలో లారీ చెడిపోయి వేరే లారీకి మార్చారనుకోండి. కొత్త బండి నంబరు ఆ బిల్లు పార్ట్-బిలో ఎక్కించాకే కదలాలి. నంబరు మార్చినంత మాత్రాన గడువు పెరగదు. గడువు పెంచుకోవాలంటే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపే. బండి నంబరు ప్యాకింగ్ లిస్టులోనూ, పెట్రాపోల్‌లో తీసుకున్న స్లాటులోనూ కూడా ఉంటుంది. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతే గేటు దగ్గర బండి ఆగుతుంది.

వారం కూడా చూసుకోండి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. మన బ్యాంకులకు ఆదివారం. గురువారం సాయంత్రం చేరిన లారీ కాగితంలో చిన్న తప్పు దొరికినా అటు బ్యాంకు, ఇటు బ్యాంకు రెండూ తెరిచి ఉండే రోజు సోమవారమే. లారీ రోజుకు 350 నుంచి 400 కిలోమీటర్లు నడిస్తే నాలుగైదు రోజుల దారి. బుధవారం కొన్నది ఆ రాత్రే బయల్దేరితే ఆది, సోమవారాలకు చేరుతుంది. గురు, శుక్రవారాల కొనుగోలుతో బయల్దేరేవి వారం మధ్యలో చేరతాయి. సోమవారం రాత్రి ఖాళీ లారీ దొరికిందని తొందరపడి పంపేదే శుక్రవారం పోయి తగులుతుంది.

కాజీపేట గూడ్స్:

రైలు గురించి చెప్తా, కొద్దిగనే ఉంది. 2020 జూలైలో దక్షిణ మధ్య రైల్వే గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైలు నడిపింది. 16 పార్సిల్ వ్యాన్లు, 384 టన్నుల ఎండుమిర్చి. టన్నుకు 4,608 రూపాయలు పడిందని, రోడ్డు మీదైతే 7,000 అని అప్పుడు రైల్వే చెప్పింది. మామూలు గూడ్సు రైలుకైతే ఒక్క దఫాకు కనీసం 1,500 టన్నులు పోగెయ్యాలె, పార్సిల్ రైలుకు 500 లోపు చాలు. అందుకే ఆ దారి పనికొచ్చింది.

మీ రోజు సరుకు 120 టన్నులు. 384 కావాలంటే మూడు రోజులకు పైన ఆపాలె. అప్పుడు షెడ్డు గోదాము అయిపోతది. బస్తా ఎన్ని చేతులు మారుతదో లెక్క పెట్టుకోండి. రోడ్డు మీద డీసీఎం నుంచి లారీకి, లారీ నుంచి బంగ్లా ట్రక్కుకు, రెండే. రైలుకైతే డీసీఎం నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి లారీకి, లారీ నుంచి వ్యాన్‌కు, వ్యాన్ నుంచి ట్రక్కుకు, నాలుగు. ప్రతి చేతికి కొన్ని కాయలు చిట్లి గింజ రాలుతది, తేజకు అది ధరలో కోత. కిరాయి మిగిలింది అక్కడ పోకుండ చూసుకోవాలె. ఐదారు పెద్ద ఎగుమతిదారులు కలిసి ఒకే తేదీకి ఒప్పుకుంటే మాత్రం రైలే మేలు, అప్పుడు షెడ్డుకు రాకుండ కోల్డ్ స్టోరేజీల నుంచి నేరుగా స్టేషన్‌కు తోలండి. రేకు (పూర్తి రైలుకు సరిపడా వ్యాన్ల వరుస) దొరుకుతదా, బెనాపోల్ దాక బుకింగ్ తెరిచి ఉన్నదా అన్నది సరుకు కొనకముందే అడగాలె.

నూలు కంటైనర్:

చివరి ప్రశ్నకు నేను జవాబిస్తాను. నియర్‌షోరింగ్ అంటే కొనే దేశానికి దగ్గర్లోనే తయారు చేయించడం. అమెరికా కొనుగోలుదారులు చైనా నుంచి మెక్సికోకు మళ్లింది అదే. 2023లో అమెరికాకు సరుకు పంపే దేశాల్లో మెక్సికో చైనాను దాటింది. అక్కడా లారీ మామూలుగా నేరుగా పోదు. మెక్సికో బండి సరిహద్దులోని నువో లరేడో దాకా తెస్తుంది, వంతెన దాటించడానికే ఉండే చిన్న దూరపు ఇంజన్ బండి ట్రెయిలర్‌ను లరేడోకు లాక్కొస్తుంది, అక్కడ అమెరికా బండి అందుకుంటుంది. అమెరికా జాతీయ రహదారుల మీద మొత్తం బరువు 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల చిల్లర. మెక్సికోలో అంతకంటే ఎక్కువ ఒప్పుతారు. బరువు మించిన సరుకును లరేడో షెడ్లలో దించి రెండు బండ్లకు పంచాల్సిందే. ఫ్యాక్టరీ సరిహద్దుకు ఎంత దగ్గరికొస్తే సరిహద్దు దగ్గర ఈ మార్పిడి పని అంత పెరుగుతుంది.

వరంగల్ సరిహద్దు ఊరు కాదు. అయినా మనకు వర్తించే పాఠం ఒకటి ఉంది: దారి ఒక్క ఉత్తర్వుతో మారిపోతుంది, షెడ్డు రెండు దారులకూ సిద్ధంగా ఉండాలి. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలును బెనాపోల్‌తో సహా ల్యాండ్ పోర్టుల మీదుగా రానివ్వడం ఆపేసింది. మరుసటి నెల మన దేశం వాళ్ల రెడీమేడ్ దుస్తులను ల్యాండ్ పోర్టుల్లో ఆపి, నవా షేవా, కోల్‌కతా ఓడరేవులకే పరిమితం చేసింది. లారీ మీద పెట్రాపోల్ పోయే నూలుకు ఒక్కసారిగా కంటైనర్, ఓడ కావాల్సి వచ్చాయి. లారీ నుంచి లారీకి మార్చడం తప్ప ఇంకేమీ చేయలేని షెడ్డు అలాంటి రోజున ఖాళీగా కూర్చుంటుంది. కాటా లెక్క గారు ట్రెయిలర్‌కు 120 అడుగులు వదలమన్నది అందుకే చాలా విలువైన మాట.

గీసుగొండలోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కేరళకు చెందిన కిటెక్స్, కొరియాకు చెందిన యంగ్‌వన్ ఉన్నాయి. ఇలాంటి పెద్ద ఫ్యాక్టరీలు తమ గేటు లోపలే కంటైనర్ నింపుకుంటాయి, 2017 నుంచి ఎలక్ట్రానిక్ సీలు వేసుకుని నేరుగా పోర్టుకు పంపే పద్ధతి ఉంది. వాళ్లకు మీ షెడ్డు అక్కర్లేదు. పని దొరికేది కంటైనర్ నిండని చిన్న నూలు మిల్లుల దగ్గర, బట్ట, దారం, గుండీలు, జిప్పులు లాంటివి చిల్లరగా తెప్పించుకునే వాళ్ల దగ్గర.

ఒక్క షరతు గట్టిగా చెప్తున్నాను. మిర్చి ఉన్న కప్పు కింద నూలు, బట్ట పెట్టొద్దు. మిర్చి ఘాటు అట్టపెట్టెలోకి దిగితే పోదు, ఎర్ర దుమ్ము తెల్ల నూలు మీద పడితే మరకే. మధ్యలో గోడ కడితే చాలదు, గాలి దారి వేరు కావాలి. వీలైతే గాలి వాలు చూసుకుని వేరే షెడ్డు.

కంటైనర్ నింపే ముందు మనిషి లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని చూడాలి. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనపడితే ఆ కంటైనర్ వెనక్కి. అంతకు ముందు ఏ సరుకు వెళ్లిందో వాసన చెప్తుంది, నేల చెక్క తడిగా ఉందో చెయ్యి చెప్తుంది. నింపాక మొత్తం బరువు తూచి ప్రకటించాలి, 2016 జూలై 1 నుంచి అది లేకుండా ఓడ ఎక్కించరు. ఖాళీ కంటైనర్లు హైదరాబాద్ వైపు డిపోల నుంచి రావాలి. ఆ ఖాళీ రాక ఖర్చు మీ లెక్కలో కనపడటం లేదు, కలపండి.

ఎనుమాముల లారీ:

అందరికి చాలా థాంక్స్ అన్నా. ఒక్కరే ఎగుమతిదారు అన్న మాటతోని మా ప్లానే మారింది. ఇంకా రెండు అడుగుత. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన మిర్చిని అదే రోజు షెడ్డు మీదుగ లారీకి ఎక్కించొచ్చా? ప్లాట్‌ఫాం ఎత్తు ఎంత పెట్టాలె, డీసీఎం కిందికి ఉంటది, పెద్ద లారీ పైకి ఉంటది కదా.

కాటా లెక్క:

కోల్డ్ స్టోరేజీ సరుకు అదే రోజు వద్దు. చల్లటి బస్తా బయటి వేడి గాలికి తగలగానే దాని మీద తేమ దిగుతుంది, చల్ల నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు. అప్పుడే టార్పాలిన్ కప్పి ఐదు రోజులు లారీలో ఉంచితే ఆ తేమ లోపలే తిరిగి బూజు పడుతుంది, బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం భయం. కోల్డ్ స్టోరేజీ వరండాలోనే నీడలో ఒక రోజు ఆరనిచ్చి, తేమ మీటరు 11 శాతం లోపు చూపించాకే షెడ్డుకు రానివ్వు. మీటరును బస్తా పైన కాదు, నడుమ నుంచి తీసిన కాయ మీద పెట్టాలి. యార్డు నుంచి అప్పుడే వచ్చిన సరుకును కూడా అలాగే చూడు.

దీని రెండో వైపు కూడా ఒప్పందంలో రాయించుకో. ఎండల్లో 1,500 కిలోమీటర్ల దారిలో మిర్చి ఒక శాతం ఆరితే 20 టన్నులకు 200 కిలోలు తగ్గుతుంది. బస్తాలు సరిపోతాయి, కాటా సరిపోదు. తరుగు ఎంతవరకు మామూలో ముందే రాసుకోకపోతే దాన్ని దొంగతనం కింద కట్టి నీ కిరాయిలో కోస్తారు.

ప్లాట్‌ఫాం నాలుగు అడుగులు. డీసీఎం నుంచి కాస్త పైకి, పెద్ద లారీకి కాస్త పైకి, రెండు వైపులా వాలు ఇనుప పలక వేసుకోవచ్చు.

పెట్రాపోల్ దారి:

ఇక్కడ కాటా లెక్క గారితో నాకు పేచీ ఉంది. మిర్చి ఒక్కటే అయితే మొదటి సీజన్‌కు ప్లాట్‌ఫామే వద్దు. గట్టి కాంక్రీటు నేల, పైన కప్పు చాలు. డీసీఎం, లారీ వెనక తలుపులు ఎదురెదురుగా ఆనించి మధ్యలో గట్టి పలక వేస్తే బస్తా నేల తాకకుండా పోతుంది. మూడు ముఠాల లెక్క నిలిచేది కూడా అప్పుడే. ప్లాట్‌ఫాం ఉందంటే 'ఇక్కడ కాసేపు పెడదాం' అనే అలవాటు వస్తుంది. కంటైనర్ పని మొదలైనప్పుడు ఆ ఒక్క వైపే కట్టుకోండి, కంటైనర్ నేల ట్రెయిలర్ మీద ఐదు అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి నాలుగు అడుగుల లెక్క దానికి ఎలాగూ సరిపోదు.

కాటా లెక్క:

ఎదురెదురు పద్ధతికి ఒక డీసీఎం సరుకు మొత్తం ఒకే లారీకి పోవాలి. రెండు లాట్లు కలిసి వచ్చిన డీసీఎంను ఎక్కడో ఒకచోట దించాల్సిందే. యార్డులోనే లాటుకొక డీసీఎం ఎక్కించేటట్టు ఖరీదుదారులు ఒప్పుకుంటే మీ మాటే సరైనది, ఆ ఖర్చు మిగులుతుంది.

తమ్మీ, లెక్క రాసే మనిషిని హమాలీ మేస్త్రీ కింద పెట్టొద్దు, వేరుగా పెట్టు. పలక దగ్గర నిలబడి ఐదేసి బస్తాలకు ఒక గీత గీయాలి, డీసీఎం ఖాళీ అయిన వెంటనే యార్డు దడ్వాయి (తూకం వేసే మనిషి) చీటీతో కలిపి చూడాలి. తేడా వస్తే ఆ డీసీఎం డ్రైవరు అక్కడ ఉండగానే తేలాలి, లారీ నిండాక ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు. ఇనుప కొక్కేలు లోపలికి రానివ్వకు, గోనె చిరిగిన చోటు నుంచి దారి పొడుగునా కాయ కారుతుంది. హమాలీలకు మాస్కులు, కళ్లద్దాలు రోజూ కొత్తవి ఇవ్వు. మిర్చి ఘాటులో ఐదు గంటలు ఊపిరి పీల్చేది వాళ్లు.